గోల్ఫ్ క్రీడలో నిషిద్ధ భూములు : వెసులుబాటు నియమముల పరిశీలన

తెలుగు బోధించువాడు గోల్ఫ్ క్రీడను గూర్చి వ్రాయుట చూచి పాఠకులు కొంత ఆశ్చర్యపడవచ్చును. ఆ ఆటను నేను ఎన్నడును ఆడలేదు. ఆడుటకు తగిన తీరికయు, అంతకు మించి తగిన స్థోమతయు నాకు లేవు. అయినను ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకు వెంటనే సమాధానము చెప్పలేక, ఆ ఆట నియమావళిని తెప్పించుకొని, శాసనపాఠమును చదివినట్లు పదపదమును పట్టి చదువవలసి వచ్చినది. ఆ చదువు ఫలితమే ఈ వ్యాసము.

ఆ విద్యార్థి మన కళాశాలలోనే బి.ఏ. చదువుచున్నాడు. వేసవి సెలవులలో దూర ప్రాంతమునందలి ఒక గోల్ఫ్ మైదానములో ఆటగాండ్ర సంచులు మోసెడి పనికి కుదిరినాడు. ఆ పని చేయువానిని క్యాడీ అందురు. మైదానము పేరును ఆటగాని పేరును ఇక్కడ అప్రస్తుతములు. ఒకనాడు ఆటగాడు కొట్టిన బంతి క్రొత్తగా మొక్కలు నాటిన ఒక మడిలో పడినది. ఆ మడి చుట్టును మేకులు పాతియున్నవి. వాని తలలకు పచ్చరంగు పూసియున్నది. ఆటగాడు, "దిగి ఆ మొక్కలను ప్రక్కకు వంచి పట్టుకో" అన్నాడు. ఇతడు దిగి పట్టుకొన్నాడు. ఆటగాడును వెనుకనే దిగి బంతిని కొట్టినాడు. రెండు మొక్కలు విరిగినవి. సాయంకాలము తోట చూచువారు వచ్చి అడుగుజాడలను గుర్తించినారు. క్యాడీకి మూడు రోజుల కూలి ఆపివేసి, మరునాటి నుండి రావద్దన్నారు. ఆటగానిని ఎవరును ఏమియు అనలేదు.

కళాశాల తెరచిన తరువాత అతడు నన్ను అడిగినది ఒక్కటే. "ఆడింది ఆయన. దిగింది నేను. తప్పు ఎవరిది సార్?"

న్యాయము మాట అటుండనిండు. ఆట నియమములు ఏమి చెప్పుచున్నవో ముందు చూడవలెను కదా.

గోల్ఫ్ నియమములను నేడు రెండు సంస్థలు కలిసి రూపొందించుచున్నవి. ఒకటి స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ నందున్న ఆర్ అండ్ ఏ. మరియొకటి అమెరికా గోల్ఫ్ సంఘము. ఉభయులకును ఒకే నియమావళి 1952లో ఏర్పడినది. 2019 జనవరి 1 నుండి అది సమూలముగా మారినది. 2023లో మరికొన్ని సవరణలు చేరినవి. ఇప్పుడు అందు 25 నియమములున్నవి. కాని మనకు దొరకుచున్న తొలి లిఖిత నియమావళి 1744 నాటిది. ఎడింబరో దగ్గరి లీత్ మైదానములో పోటీ కొరకు అక్కడి ఆటగాండ్రు వ్రాసికొన్న 13 నియమములవి. ఒక్క పుటలో ఇమిడిపోవును.

ఆ పదమూడింటిలో కడపటి నియమము నన్ను చాలసేపు ఆపినది. మైదానమును కాపాడుటకు త్రవ్విన కందకములు, కాలువలు, కట్టిన గట్లు, అట్లే 'విద్యార్థుల గుంటలు' అనియు 'సైనికుల పంక్తులు' అనియు పిలువబడు స్థలములు, ఆటలోని సహజమైన అడ్డంకులుగా లెక్కకు రావని ఆ నియమము చెప్పుచున్నది. అక్కడ పడిన బంతిని వెలుపలికి తీసి, మట్టి దిబ్బ మీద నిలిపి, ఇనుప క్లబ్బుతో ఆడవలెను. నీటిలో పడిన బంతిని తీసినచో ప్రత్యర్థికి ఒక దెబ్బ ఇచ్చుకొనవలెనని అదే నియమావళిలో వేరొక చోట ఉన్నది. కాని మైదాన రక్షణకై చేసిన కట్టడములో పడినచో అట్టి దండన చెప్పలేదు. భూమిని కాపాడుటకు చేసిన పని ఆటగానికి అడ్డు వచ్చినపుడు, ఆ పనిని పాడుచేయక బంతియే ప్రక్కకు తొలగవలెనను తలంపునకు ఇది బీజమని నా అభిప్రాయము. ఆ కాలపు విద్యార్థుల గుంటలకు లభించిన మర్యాద ఈ కాలపు విద్యార్థికి లభింపకపోవుట వేరు సంగతి.

ఇక నేటి నియమమునకు వత్తము. ఆట ఆడరాదని మైదానపు కమిటీ నిర్ణయించిన భాగమును ఇంగ్లీషులో 'నో ప్లే జోన్' అందురు. నేను దానిని 'ఆట నిషిద్ధ భూమి' అని వ్యవహరించుచున్నాను. కమిటీ ఏ కారణము చేతనైనను ఇట్టి భూమిని ఏర్పరుపవచ్చును. అడవి జంతువుల, పక్షుల నివాసములను కాపాడుట, లేత మొక్కలను పూలమళ్ళను పచ్చికనారును రక్షించుట, ఆటగాండ్రకు ప్రమాదము కలుగకుండ చూచుట, చారిత్రక స్థలములను పదిలపరచుట అందులో ముఖ్యములు. 2019కు పూర్వము ఇంత స్వేచ్ఛ లేదు. పర్యావరణ కారణముల చేత ఒక స్థలమున ప్రవేశమునో ఆటనో నిషేధింపవలెనన్నచో, ప్రభుత్వ సంస్థ వంటి తగిన అధికారి మొదట ఆజ్ఞ ఇవ్వవలెను; ఆ తరువాతనే కమిటీ స్థానిక నియమము చేయవలెను. ఒక పిట్ట గూడు కట్టినదని తోటమాలి చెప్పినంత మాత్రమున అప్పుడు చాలెడిది కాదు. ఇప్పుడు కమిటీ తలచుకొన్నచో అది చాలును.

అయితే ఒక నిబంధన కలదు. నిషిద్ధ భూమి తనంతట తాను ఒక ప్రత్యేక ప్రదేశము కాజాలదు. అది రెండింటిలో ఒకదానిలో భాగమై ఉండవలెను. మొదటిది అసాధారణ స్థితి గల నేల. మరమ్మతులో నున్న నేల, తాత్కాలికముగా నిలిచిన నీరు, జంతువుల బొరియలు, కదల్పరాని కట్టడములు ఈ తరగతికి చెందును. రెండవది దండన ప్రదేశము. చెరువులు, వాగులు, చిత్తడి నేలలు, కమిటీ గుర్తించిన ఇతర స్థలములు ఇందు చేరును. వీని హద్దులను పసుపు మేకులతో గాని ఎఱ్ఱ మేకులతో గాని తెలుపుదురు. నిషిద్ధ భూమి వేరుగా కనబడవలెను కనుక ఆ మేకుల తలలకు పచ్చరంగు పూయుట అలవాటు. మన విద్యార్థి చూచిన పచ్చ తలల అర్థమిదియే.

ఈ రెండు తరగతుల భేదము చిన్నది కాదు. మొదటి దానిలో దండన లేదు. రెండవ దానిలో ఒక దెబ్బ దండన కలదు.

ఇక్కడ భాషావిద్యార్థులు గమనింపదగిన విశేషమొకటి ఉన్నది. నియమావళి అంతయు మూడు క్రియారూపముల మీద నడచుచున్నది. మన భాషలో అవి 'వచ్చును', 'వలెను', 'రాదు' అనునవి. మామూలు మరమ్మతు నేలలో బంతి పడినచో ఆటగాడు వెసులుబాటు తీసికొనవచ్చును. అక్కరలేదనుకొన్నచో ఉన్నచోటనే ఆడవచ్చును. అది అతని ఇష్టము. అదే నేలను నిషిద్ధ భూమిగా ప్రకటించిన క్షణమున 'వచ్చును' పోయి 'వలెను' వచ్చి కూర్చుండును. దాని వెంట 'రాదు' కూడ వచ్చును. బంతిని ఉన్నచోట ఆడరాదు. వెసులుబాటు తీసికొనవలెను. హక్కుగా నున్నది విధిగా మారినది. నియమపు సారమంతయు ఈ క్రియల మార్పులోనే ఉన్నది. వ్యాకరణము జీవితమునకు పనికిరాదని అనువారికి ఈ ఒక్క ఉదాహరణ చూపుచున్నాను.

ఈ 'వెసులుబాటు' అను మాటను గూర్చి కూడ ఒక ముక్క చెప్పవలెను. ఇంగ్లీషువారు 'రిలీఫ్' అందురు. 'ఉపశమనము' అన్నచో రోగము జ్ఞాపకము వచ్చును. 'సహాయము' అన్నచో వరద బాధితులు జ్ఞాపకము వత్తురు. మొదట 'రాయితీ' అని వ్రాసి కొట్టివేసితిని. బస్సు పాసునకును ఎరువుల ధరకును అలవాటుపడిన ఆ మాట ఇక్కడ ఇమడలేదు. అయినను దాని పుట్టుక చెప్పక విడువలేను. మన 'రాయితీ' ఉర్దూలోని 'రిఆయత్' నుండి వచ్చినది. దాని అరబ్బీ ధాతువునకు మేపుట, కనిపెట్టి చూచుట అని అర్థము. గొఱ్ఱెల కాపరికి 'రాయీ' అను పేరు ఆ ధాతువు నుండియే వచ్చినది. గొఱ్ఱెలు మేసిన సముద్రతీరపు బయళ్ళలో పెరిగిన ఆటకు ఇంతకంటె తగిన మాట ఉండదేమో. కాని వాడుక మన చేతిలో లేదు కనుక 'వెసులుబాటు' తోనే సరిపెట్టుకొంటిని.

నియమము ఎట్లు పనిచేయునో ఇప్పుడు చూతము. మన విద్యార్థి చెప్పిన మొక్కల మడినే తీసికొందము. అది మరమ్మతు నేలగాను అందు నిషిద్ధ భూమిగాను గుర్తింపబడినదనుకొందము. బంతి మడిలో పడినది. ఆటగాడు మొదట ఒక స్థానమును వెదకవలెను. అక్కడ బంతిని పెట్టినచో బంతి మడిలో ఉండరాదు, నిలుచుటకు కాలు మడిలో పెట్టవలసి రారాదు, ఊపిన క్లబ్బునకు మడి అడ్డు రారాదు. అది రంధ్రమునకు మునుపటి కంటె దగ్గర కారాదు. ఇట్టి స్థానములలో బంతి పడిన చోటికి అన్నిటికంటె సమీపమైనది ఏదో అదియే ప్రమాణము. సమీపమైనది అని జ్ఞాపకముంచుకొనవలెను. సుందరమైనది అని కాదు. అటు ప్రక్క చక్కని పచ్చిక, ఇటు ప్రక్క ముళ్ళపొద ఉన్నను, ముళ్ళపొదయే ఒక అడుగు దగ్గరైనచో అటే పోవలెను. ఆటగాండ్రు తడబడుచోటు ఇదియేనని నాకు తోచుచున్నది. వెసులుబాటు అనగానే మేలైన చోటు దొరకునని మనస్సు ఆశించును. నియమము అడ్డును మాత్రమే తొలగించును, అదృష్టమును ఇవ్వదు.

ఆ స్థానము నుండి తన వద్దనున్న వానిలో పట్టరు తప్ప అన్నిటికంటె పొడవైన క్లబ్బుతో ఒక క్లబ్బు పొడవు కొలువవలెను. ఆ పరిధిలో బంతిని మోకాలి ఎత్తు నుండి జారవిడువవలెను. భుజము ఎత్తు నుండి చేయి చాచి విడుచుట 1984 నుండి 2018 వరకు గల పద్ధతి. 2019 నుండి మోకాలు. బంతి దొర్లి పరిధి దాటినచో మరల విడువవలెను. రెండవసారియు దాటినచో ఆ రెండవసారి నేలను తాకిన చోటున చేతితో పెట్టవలెను. దండన ఏమియు లేదు. ఆట సాగును, మొక్కలు బ్రతుకును.

రెండవ ఉదాహరణ కొంచెము కఠినమైనది. పక్షులు గూళ్ళు పెట్టెడి ఒక చిత్తడి నేల కలదనుకొందము. చుట్టును ఎఱ్ఱ మేకులు, వాని తలలు పచ్చ. మొదటి దెబ్బకే బంతి అందు పడినది. మామూలు ఎఱ్ఱ మేకుల ప్రదేశమైనచో ఆటగాడు ప్యాంటు మడిచి బురదలో దిగి, దండన లేకుండ బంతిని ఉన్నచోట కొట్టి చూడవచ్చును. ఇక్కడ ఆ దారి మూయబడినది. ఒక దెబ్బ దండన చెల్లించి తీరవలెను. పిమ్మట మూడు మార్గములున్నవి. మునుపు కొట్టిన చోటికే వెనుకకు పోయి మరల కొట్టవచ్చును. లేదా రంధ్రము నుండి బంతి హద్దు దాటిన బిందువు మీదుగా వెనుకకు సరళరేఖ ఊహించి, ఆ రేఖపై ప్రదేశమునకు వెలుపల బంతిని విడువవచ్చును. లేదా బంతి హద్దు దాటిన చోటు నుండి రెండు క్లబ్బుల పొడవులోపల, రంధ్రమునకు దగ్గర కాకుండ, విడువవచ్చును. మేకులు పసుపువైనచో ఈ మూడవ మార్గము లేదు. కొట్టినది ఒకటి, దండన ఒకటి. ఇక కొట్టబోవునది మూడవ దెబ్బగా లెక్కకు వచ్చును.

బంతి కనబడకపోయినచో బురదలో దిగి వెదకవలెనా అని సందేహము రావచ్చును. అక్కరలేదు. అది అచ్చటనే పడినదని తెలిసినను, లేక నూటికి 95 పాళ్ళు నిశ్చయముగా చెప్పగలిగినను చాలును. వేరొక బంతితో వెసులుబాటు తీసికొనవచ్చును. ఈ నియమము ఆటగాని కొరకు పుట్టినదే గాని, నా దృష్టిలో గూటిలోని పిట్టకు దీని వలన కలుగు మేలు ఆటగానికి కలుగు మేలు కంటె ఎక్కువ.

బంతి నిషిద్ధ భూమికి వెలుపలనే ఉండి, కొట్టుటకు నిలువవలెనన్నచో కాలు లోపల పెట్టవలసి వచ్చుట మరియొక సందర్భము. అప్పుడును అట్లు నిలిచి ఆడరాదు. బంతి దండన ప్రదేశములో లేనంతవరకు, సామాన్యముగా దండన లేని వెసులుబాటే దొరకును. కాదనుకొన్నవాడు ఒక దెబ్బ దండనతో, ఆడ వీలుకాని బంతికి చెప్పిన పద్ధతిని అనుసరింపవచ్చును. బంతికే కాదు, పాదమునకును ఊపిన క్లబ్బునకును నిషేధము వర్తించునని గ్రహింపవలెను.

ఇక మన విద్యార్థి ప్రశ్న. నిషిద్ధ భూమి నుండి బంతిని కొట్టినవాడు తప్పు స్థలము నుండి ఆడినవాడగును. దెబ్బలు లెక్కించు పోటీలో దానికి రెండు దెబ్బల దండన. ముఖాముఖి ఆటలో ఆ రంధ్రమును ఓడిపోవుట. మొక్కలను వంచి పట్టుట వేరొక దోషము. కొట్టుటకు వీలుగా పెరుగుచున్న మొక్కలను వంచరాదని 8వ నియమము చెప్పుచున్నది. అది నిషిద్ధ భూమిలోనే కాక మైదానమంతటను వర్తించును. ఆ పని చేసినది క్యాడీ కదా అందురేమో. దానికి 10వ నియమములో సమాధానమున్నది. ఆట సాగునపుడు క్యాడీ చేసిన పనికి ఆటగాడే బాధ్యుడు. తాను చేసినచో తప్పగు పనిని క్యాడీ చేసినను ఆ దండన ఆటగానిదే. క్యాడీ పేర దెబ్బలు వ్రాయుటకు లెక్క కాగితములో గడియే లేదు.

నిషిద్ధ భూమిలో ప్రవేశించుట ఒక్కటే వేరుగా చూడవలసిన విషయము. నియమావళి స్వయముగా నిషేధించినది ఆటను, ప్రవేశమును కాదు. కమిటీ ప్రవర్తనా నియమములు వ్రాసి ప్రవేశమును కూడ నిషేధింపవచ్చును, ఉల్లంఘించినవానికి దండనయు విధింపవచ్చును. ఆ దండనయు ఆటగాని లెక్కలోనే పడును. కూలివాని దినభత్యము ఆపుమని ఏ నియమములోను లేదు. తోట పెద్ద తన నౌకరుపై గల అధికారముతో ఆ పని చేసినాడు. దానికి గోల్ఫ్ నియమావళిని సాక్ష్యముగా చూపినచో మాత్రము ఆ సాక్ష్యము చెల్లదు.

నేను ఈ సంగతి చెప్పినపుడు ఆ విద్యార్థి చాలసేపు మాటలాడలేదు. తరువాత, "ఆ కార్డు వెనుక ఇదంతా ఇంగ్లీషులో ఉంది సార్. మాలో చదివినవాడు ఒక్కడూ లేడు" అన్నాడు.

ఈ నియమములకు మన ప్రాంతముతో గల సంబంధము ఆలోచించినపుడు గోలకొండ నయా ఖిలా జ్ఞాపకము వచ్చుచున్నది. 1656లో మొగలుల ముట్టడి తరువాత అబ్దుల్లా కుతుబ్ షా కోటకు చేర్చిన విస్తరణమది. అందే ఆఫ్రికా జాతికి చెందిన బృహద్వృక్షము, జనులు 'హాథియాఁ కా ఝాడ్' అనునది, 25 మీటర్లకు పైబడిన చుట్టుకొలతతో నిలిచియున్నది. పురాతన మసీదులున్నవి, తోట ఆనవాళ్ళున్నవి. ఆ ప్రాకారముల నడుమనే నేడు గోల్ఫ్ మైదానము కూడ ఉన్నది. ఢిల్లీ గోల్ఫ్ మైదానమునందును మొగలు కాలపు సమాధులున్నవి. చారిత్రక స్థలముల రక్షణ నిషిద్ధ భూములకు ఒక కారణమని పైన చెప్పితిని. కాని ఇట్టి చోట్ల పచ్చ తల మేకు ఒక్కటే దిక్కనుకొనరాదు. 1958 నాటి పురాతన కట్టడముల చట్టము ఉన్నది. 2010 సవరణ ప్రకారము రక్షిత కట్టడము చుట్టు 100 మీటర్లు నిషిద్ధము, ఆపైన 200 మీటర్లు నియంత్రితము. అది నిర్మాణములకు సంబంధించినది. మేకు చెప్పునది బంతికి సంబంధించినది. ఒకటి రెండవదానికి బదులు కానేరదు.

మేకులకు లొంగని భూములును ఉన్నవి. స్కాట్లండు తూర్పు తీరమున ఫోవెరన్ అనుచోట ఇసుక తిన్నెలు గాలికి కదలుచుండెడివి. ఆ కదలికయే వాని విశిష్టత. అందుకే అది శాస్త్రీయ ప్రాముఖ్యము గల రక్షిత స్థలముగా గుర్తింపబడినది. తదుపరి అమెరికా అధ్యక్షుడైన డొనాల్డ్ ట్రంప్ అచ్చట గోల్ఫ్ మైదానము నిర్మింపబూనగా స్కాట్లండు ప్రభుత్వము 2008లో అనుమతించినది. 2012లో ఆట మొదలైనది. ఇసుకను కదలనీయక గడ్డి నాటి స్థిరపరచినారు. 2020 డిసెంబరులో ఆ భాగమునకు రక్షిత హోదా తీసివేయబడినది. ఏ ఆటగాడును అచ్చట నియమము తప్పి యుండడు. బంతి పడినచోట మేకు పాతవచ్చును గాని, నడచిపోవు ఇసుకకు మేకు ఎచ్చట పాతుదురు? పశ్చిమ తీరమున మక్రిహానిష్ వద్ద 2009లో తెరచిన మైదానము కూడ అట్టి రక్షిత తిన్నెలలోనిదే. అక్కడ మాత్రము నేలను యంత్రములతో మలచుట స్వల్పమునకు పరిమితము చేసి, ఉన్న ఎత్తుపల్లముల మీదనే ఆటను పరచినారు. గడ్డి తగ్గించుటకు గొఱ్ఱెలను వాడినారు. నియమావళి ఆటగానికి పాఠము చెప్పగలదు. మైదానమును గీయువానికి పాఠము చెప్పుట దాని పని కాదు.

నిషిద్ధ భూమికిని వెసులుబాటునకును సంబంధించిన నియమములను, క్యాడీ బాధ్యతకు సంబంధించిన దానితో కలిపి, నేను తెలుగులోనికి మార్చి అర ఠావు కాగితము మీద వ్రాసియిచ్చితిని. ఉర్దూ శాఖలోని మిత్రుడు దానిని ఉర్దూలోనికి మార్చినాడు. 'వెసులుబాటు'నకు అతడు 'రిఆయత్' అనియే వ్రాసినాడు. నాకు దొరకని సౌలభ్యము అతనికి దొరకినది. మన విద్యార్థి రెండింటిని నకలు తీయించి, అతనితో పని చేసిన క్యాడీలకు తపాలా ద్వారా పంపినాడు. ఒక్కొక్క ప్రతి మన గ్రంథాలయములో క్రీడా గ్రంథముల అలమారలో ఉంచబడినది. 'రిలీఫ్' అను పదమునకు నాకంటె మేలైన తెలుగు మాట తోచిన విద్యార్థులు ఆ ప్రతి అంచున పెన్సిలుతో వ్రాయవచ్చును.